చెరువు పాట, కారు పాట: లక్షా ముప్పై వేలు తిరిగిన స్పోర్ట్స్ కారును వేలంలో కొనాలంటే

ఒడిశాలోని జయపురంలో ఉన్న మా మేనల్లుడు ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "మావయ్యా, స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ పాటకొచ్చింది. 2017 బండి, ఏపీ 31. లక్షా ముప్పైరెండు వేలు తిరిగింది. ఇంజిన్ పవరు పెంచే స్టేజ్ 2 మార్పులు చేయించారట. ఎల్లుండి రాత్రి తొమ్మిదికి పాట మూస్తారు. ఎంతదాకా వెళ్లమంటావు?"

ఎంతదాకా అన్నదానికి ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఒకదానికొకటి చిక్కుపడిన కొన్ని ముడులు విప్పాలి. బండి ఎంత అరిగింది, దాన్ని ఎవరు ఎలా మార్చారు, ఆ మార్పులతో అది ఒడిశా కాగితాల్లోకి ఎక్కుతుందా, మన ఘాట్ రోడ్లకు పనికొస్తుందా. రాయగడలో ఇరవై ఏళ్లకు పైగా స్పేర్‌పార్టుల కొట్టు నడిపాను. ఇలాంటి బండి మీద మనసుపడి తెచ్చుకున్న కుర్రాళ్లు ఆరు నెలలకు పార్టు కోసం నా కొట్టు ముందు దిగాలుగా నిలబడటం చూశాను. అందుకే మరుసటి రోజు వాణ్ణి కూర్చోబెట్టి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు వేలం సంగతి. మన ఊళ్లలో పంచాయతీ చెరువు పాట అందరూ చూసిందే. నీళ్ల కింద ఎన్ని చేపలున్నాయో ఎవరికీ కనపడదు. ఒకడు రెండు టన్నులు పడతాయనుకుంటాడు, ఇంకొకడు మూడు, మరొకడు ఐదు. పాట ఎవరికి దక్కుతుంది? ఐదు టన్నులనుకున్నవాడికి. అంటే అందరికంటే ఎక్కువ ఊహించుకున్నవాడికి. చాలాసార్లు నిజం ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది కాబట్టి, గెలిచినవాడు గెలుపులోనే నష్టపోతాడు. సముద్రం కింది చమురు కోసం కంపెనీలు వేసే టెండర్లలో ఇదే జరుగుతోందని 1971లో ముగ్గురు అమెరికన్ పెట్రోలియం ఇంజనీర్లు లెక్కగట్టి చూపించారు. ఆర్థికశాస్త్రంలో దానికి 'విజేత శాపం' అన్న పేరు స్థిరపడింది. నీళ్ల కింద చేప, సముద్రం కింద చమురు, బానెట్ కింద ఇంజిన్. కనపడనిది ఎంత ఎక్కువైతే శాపం అంత గట్టిగా తగులుతుంది. కొత్త బండిలో కనపడనిది దాదాపు ఏమీ ఉండదు. లక్షా ముప్పై వేలు తిరిగి, నలుగురి చేతుల్లో మారి, ఇంజిన్ సాఫ్ట్‌వేర్ కూడా మార్చుకున్న స్పోర్ట్స్ కారులో కనపడనిదే ఎక్కువ.

ఆన్‌లైన్ పాటలో దీనికి ఇంకో రెండు తోడవుతాయి. చివరి నిమిషంలో ఎవరైనా పెంచితే గడువు మరో రెండు మూడు నిమిషాలు పొడిగించే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఆ నిమిషాల్లో మనిషి బండిని చూడడు, అవతలి పాటదారుణ్ణి చూస్తాడు. రెండోది, పాట ఎవరు పెడుతున్నారన్నది. బ్యాంకు జప్తు చేసిన బండి అయితే 'ఉన్నచోట ఉన్నట్టుగా' అమ్ముతారు. రెండో తాళం చెవి ఉండకపోవచ్చు, సర్వీసు పుస్తకం ఉండకపోవచ్చు, అడిగే హక్కూ ఉండదు. బాగా దెబ్బతిని బీమా కంపెనీ నుంచి వచ్చిన సాల్వేజ్ బండి అయితే దాని కథ వేరే ఉంటుంది, కింద చెప్తాను. ఓనరే పాటకు పెట్టిన బండి అయితే కనీసం ప్రశ్నలడగటానికి ఒక మనిషి ఉంటాడు. మావాడు చూసింది మూడో రకం, అది కొంత నయం. ధరావతు కట్టి పాట గెలిచాక వెనక్కి తగ్గితే ఆ ధరావతు పోతుందన్నది మాత్రం అన్నిచోట్లా ఒకటే.

ఇక కిలోమీటర్లు. మనవాళ్లు ముందు భయపడేది దీనికే. నా లెక్కలో ఇది మూడో భయం. విశాఖ నుంచి హైదరాబాద్‌కు నెలకు నాలుగుసార్లు హైవే మీద తిరిగిన లక్షన్నర కిలోమీటర్లు, ఊళ్లో ట్రాఫిక్‌లో తిరిగిన అరవై వేల కంటే ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మేలు. సాలూరు లారీ మెకానిక్కులు మీటరును నమ్మరు, బ్రేక్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో, డ్రైవరు సీటు అంచు ఎంత నలిగిందో చూస్తారు. కారుకూ అదే చూపు పనికొస్తుంది. మీటరు వెనక్కి తిప్పడం ఇప్పటికీ జరుగుతున్న మోసమే కాబట్టి సర్వీసు బిల్లుల మీది కిలోమీటర్లను తేదీలవారీగా వరసపెట్టి చూడాలి. ఈ తరం కార్లలో కిలోమీటర్ల లెక్క డాష్‌బోర్డులోనే కాదు, ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదై ఉంటుంది. స్కానర్ పెడితే తేడా బయటపడే అవకాశం ఉంది. టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది. '2319' అంటే 2019లో 23వ వారం తయారీ. నలభై వేలే తిరిగిందంటున్న బండికి మూడో జత టైర్లుంటే ఎందుకని అడగాలి.

వీఆర్‌ఎస్ విషయంలో ఇంకా గట్టి గుర్తు ఒకటుంది. 2017లో మన దేశానికి వచ్చినది రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 230 హార్స్‌పవర్, ఆరు గేర్ల డీఎస్‌జీ. నూనెలో మునిగి ఉండే రెండు క్లచ్‌లున్న గేర్‌బాక్సు అది. ప్రతి 60,000 కిలోమీటర్లకూ నూనె, ఫిల్టరు మార్చాలి. లక్షా ముప్పైరెండు వేలు తిరిగిన బండికి ఆ బిల్లులు రెండు ఉండాలి. మావాణ్ణి మొదట అడగమన్నది వాటినే. ఒకటే వచ్చింది, 58,000 దగ్గరిది.

ఈ ఇంజిన్‌లో వాటర్ పంపూ థర్మోస్టాటూ కలిసిన ప్లాస్టిక్ హౌసింగ్ వయసు మీద కారడం మొదలుపెడుతుందని దాన్ని నడిపినవాళ్లందరికీ తెలుసు. పెట్రోలును సిలిండర్‌లోకే నేరుగా చిమ్మే ఇంజిన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకోవచ్చు. ఇంజిన్ మౌంట్లు, సస్పెన్షన్ బుష్‌లు, వీల్ బేరింగులు ఎప్పుడైనా అరిగేవే. ఇవన్నీ డబ్బుతో తీరే జబ్బులు. ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. అందుకే కిలోమీటర్లు నాకు మూడో భయం.

రెండో భయం మార్పులు. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి.

స్టేజ్ 1 అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రాం మార్చడం, దీన్నే ట్యూన్ అంటారు. టర్బో ఎక్కువ గాలి నెట్టేలా, దానికి తగ్గట్టు పెట్రోలు పోసేలా, నిప్పురవ్వ కొంచెం ముందు పడేలా రాస్తారు. స్టేజ్ 2 అంటే దానికి తోడు పొగ తొందరగా బయటికి పోయే పెద్ద గొట్టం, అంటే డౌన్‌పైప్, కొన్నిసార్లు టర్బో నెట్టే గాలిని చల్లబరిచే పెద్ద ఇంటర్‌కూలర్. స్టేజ్ 3లో టర్బోనే మార్చేస్తారు. ఈ అంకెలకు ఎక్కడా ప్రామాణికం లేదు, ఒక ట్యూనరు స్టేజ్ 2 అన్నది ఇంకొకరికి వేరే కావచ్చు. కాబట్టి ఏయే పార్టులు వేశారు, ఏ ఫైలు ఎక్కించారు, ఎవరు రాశారు, ఏ పెట్రోలుకు రాశారు అని విడివిడిగా అడగాలి.

చివరి ప్రశ్న మన ప్రాంతానికి మరీ ముఖ్యం. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలును, అంటే ఒత్తిడికి తొందరగా పేలని పెట్రోలును, నమ్ముకుని ట్యూన్ రాసుంటే, ఆ పెట్రోలు దొరకనిచోట ఇంజిన్ 'నాక్' కొడుతుంది. నిప్పురవ్వ వెలిగించాల్సిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే పేలడం అది. సెన్సర్ పసిగట్టి కాసేపు కాపాడుతుంది. భారం మీద పదేపదే జరిగితే పిస్టన్ మీది సన్నని గట్లు విరుగుతాయి. నిండు లోడుతో సాలూరు నుంచి కొరాపుట్ వైపు సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద పడే భారం అలాంటిదే. 100 ఆక్టేన్ పెట్రోలు పెద్ద నగరాల్లోనే కొన్ని బంకుల్లో దొరుకుతుంది. జయపురంలో ఉండేవాడు విశాఖ వెళ్లి డబ్బాల్లో తెచ్చుకోలేడు, తెచ్చుకోకూడదు కూడా.

గేర్‌బాక్సు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఈ డీఎస్‌జీ మోయగల టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 350 న్యూటన్ మీటర్లని చెప్తారు. ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచి ఇచ్చేదే 350. అంటే మొదటి రోజునుంచే అంచున నడుస్తోంది. దాని మీద స్టేజ్ 2 వేస్తే 400 దాటడం మామూలే. గేర్‌బాక్సు సాఫ్ట్‌వేర్ కూడా మార్చి క్లచ్ ఒత్తిడి పెంచకపోతే క్లచ్‌లు జారుతాయి. జారితే నూనె మాడుతుంది. నూనె మార్చిన బిల్లు ఒకటే ఉన్న బండిలో ఈ మార్పు జరిగిందంటే నేను అక్కడే ఆగి ఆలోచిస్తాను.

అన్ని మార్పులూ చెడ్డవని నేననను. పేరున్న పార్టులు, బిల్లులు, ట్యూన్ చేసినప్పుడు ఇంజిన్ పవరు కొలిచి ఇచ్చిన డైనో కాగితం, తీసేసిన అసలు పార్టులు అట్టపెట్టెలో భద్రం. ఇవన్నీ ఉన్న బండిని మార్పుల్లేని బండి కంటే ఎక్కువ ప్రేమతో చూసుకున్నారనే అనుకోవాలి. అలాంటి ఓనర్లు నూనె ఐదు వేల కిలోమీటర్లకే మారుస్తారు, చల్లటి ఇంజిన్‌ను తొక్కరు. నన్ను భయపెట్టేది ఎవరు చేశారో తెలియని మార్పు. మూడో ఓనరు చేయించాడు, నాలుగో ఓనరుకు తెలియదు, ఐదోవాడు పాటకు పెట్టాడు. పాట పేజీలో పెద్ద అక్షరాల్లో 'స్టేజ్ 2' అని ఉంటుంది, ఎవరు చేశారన్నది ఉండదు.

దూరం నుంచి చూసి పట్టుకోగలిగినవి కొన్నున్నాయి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసే వీడియో అడగాలి. స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూపించమనాలి. గొలుసు చప్పుడు రెండు మూడు సెకన్లు దాటి వినపడితే టైమింగ్ చెయిన్ టెన్షనరు మీద అనుమానం. పొగ నీలంగా ఉంటే ఇంజిన్ నూనె కాలుతోంది, తెల్లగా వచ్చి ఎంతకీ ఆగకపోతే కూలెంటు లోపలికి వెళ్తోంది, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోస్తోంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, అంకెలు అడగాలి. అంకె ఎంతన్నదానికంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే పదిహేను శాతం తగ్గిందంటే అది పాట పాడే బండి కాదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. స్కానర్‌లో తప్పుల కోడ్లు ఏమీ లేవని స్క్రీన్‌షాట్ పంపుతారు. కోడ్లు ఆ ఉదయమే తుడిచేస్తే ఏమీ కనపడవు. కానీ తుడిచినప్పుడు బండి తనను తాను చూసుకునే 'రెడీనెస్' పరీక్షలు కూడా మొదటికొస్తాయి, బండి కొన్ని రోజులు రకరకాలుగా తిరిగితే తప్ప అవి పూర్తి కావు. కోడ్లు లేవు, పరీక్షలూ పూర్తి కాలేదంటే నిన్నో ఇవాళో తుడిచారని అర్థం. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బండిలో ఆ హెచ్చరిక లైటే వెలగకుండా ట్యూన్‌లో ఆపేసి ఉండొచ్చు. అప్పుడు స్కానర్ కూడా సాయం చేయదు, బండి కింద ఫొటో చూడాలి.

సాల్వేజ్ పాటల గురించి చెప్తానన్నాను. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ బండిని పూర్తి నష్టం కింద తీసుకుని పాటకు పెడుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరద, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునగడం మనందరికీ గుర్తున్నాయి. మునిగిన కార్లు ఎక్కడికో పోవు. కడిగి, ఆరబెట్టి, రాష్ట్రం దాటిస్తారు. సరిహద్దు జిల్లాలవాళ్లం వాళ్లకు అనువైన కొనుగోలుదారులం. సీటు బెల్టును చివరిదాకా లాగండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బురద గీత చెప్తుంది. స్టెప్నీ గుంటలో, సీటు పట్టాల బోల్టుల దగ్గర తుప్పు చూడండి. ఇంత ఎలక్ట్రానిక్స్ ఉన్న కారు ఒకసారి మునిగితే ఏ ధరకూ కొనొద్దు. ఈ ఒక్క మాట మీద నేను బేరమాడను.

మొదటి భయం కాగితం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును పక్కనపెట్టి ఇదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవచ్చు, ఆర్‌సీలో రాయించుకోవాలి. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. డౌన్‌పైప్, సైలెన్సర్, ట్యూన్ అని విడివిడిగా లెక్కపెడితే ఎంతవుతుందో చూసుకోండి. శబ్దం, పొగ హద్దు దాటితే 190వ సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా వేరే ఉంది. మార్పుల సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగాక క్లెయిము తిరస్కరించడానికి వాళ్లకదే చాలు.

ఈ బండి ఆంధ్రా నుంచి ఒడిశాకు రావాలి. అక్కడి రవాణా కార్యాలయం ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఇవ్వాలి. అంతకుముందు చలాన్లన్నీ కట్టాలి, అప్పుంటే బ్యాంకు ఫారం 35 మీద సంతకం చేయాలి. యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30. ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27. కొన్న ముప్పై రోజుల్లో పేరు మార్పుకు అడగాలి. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తప్పనిసరి. కొరాపుట్ జిల్లా నంబరు ఓడీ 10, రాయగడది ఓడీ 18. ఒడిశా పన్ను మళ్లీ కట్టాలి. ఆంధ్రాలో కట్టిన జీవిత పన్నులో మిగిలిన భాగాన్ని వెనక్కి అడగొచ్చు గానీ అడగాల్సింది బండి ఎవరి పేరున ఉందో వాళ్లు. ఆ సంగతి పాటకు ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. నంబరు వేయించేటప్పుడు ఇన్‌స్పెక్టరు బండిని చూస్తాడు, చాసిస్ నంబరు పోల్చుకుంటాడు. గొట్టం మోత వింటాడు కూడా. అందుకే అసలు సైలెన్సరు, అసలు డౌన్‌పైపు, అసలు స్ప్రింగులు బండితోపాటు వస్తున్నాయా అన్నది కూడా ముందే అడగాల్సిన ప్రశ్న. వాటిని విడిగా కొనాలంటే ఖర్చు మామూలుగా ఉండదు.

పేరు మారేదాకా ప్రమాదాల బాధ్యత పాత ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మంచి అమ్మకందారుకు కూడా మీరు తొందరగా పేరు మార్చుకోవడం కావాలి. పేరు మార్పు గురించి ఎవరైనా మెల్లగా చూద్దాం అంటే ఆ బండి వదిలేయండి. బీమాను పద్నాలుగు రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత ఓనరుతోనే వెళ్లిపోతుంది.

ఇంటికి తేవడం గురించి ఒక్క మాట. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు కింద మైదానంలో ఉంది. మధ్యలో సుంకి ఘాటీ. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండు మూడేళ్లుగా మార్చని ద్రవం దిగుడులో వేడెక్కి మరిగితే పెడల్ నేలదాకా పోతుంది. వేగంగా వెళ్లే బండిని ఎలా నడిపారో తెలియకుండా ఆ ఘాటీలో మొదటి ప్రయాణం చేయకూడదు. విశాఖలోనే ఆగి ద్రవం, ప్యాడ్లు, ఇంజిన్ నూనె, టైర్లు చూపించుకుని అప్పుడు ఎక్కాలి. కిందికి దించిన స్ప్రింగులతో మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద సంప్, అంటే ఇంజిన్ కింది నూనె తొట్టి, పగలడం నా కొట్టుకు చాలా బేరాలు తెచ్చింది. ఆ బేరాలు నాకు సంతోషమివ్వలేదు.

ఇప్పుడు 'ఎంతదాకా' అన్న ప్రశ్న. లెక్క కిందినుంచి పైకి కాదు, పైనుంచి కిందికి వేయాలి. ఉదాహరణకు మార్పుల్లేని, బిల్లులన్నీ ఉన్న ఇదే బండి 16 లక్షలకు దొరుకుతుందనుకుందాం. అసలు పార్టులు తెచ్చి వెనక్కి మార్చడానికి లక్షా ఇరవై వేలు, టైర్లకు అరవై వేలు, గేర్‌బాక్సు సర్వీసుకు పాతిక వేలు, బ్రేకులకు యాభై వేలు. పాట వేదిక రుసుము ముప్పైఐదు వేలు, ఒడిశా పన్నూ కాగితాలూ లక్ష, రవాణాకు పదివేలు. ఇంకా తెలియనిదాని కోసం రెండు లక్షలు విడిగా. మొత్తం ఆరు లక్షలు. మిగిలింది పది. అమ్మేది వ్యాపారి అయి ధర పది లక్షలు దాటితే అమ్మేవాడు వసూలు చేసి కట్టే ఒక శాతం పన్ను, టీసీఎస్, పైన పడుతుంది, అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ ఆ రోజు చేతిలో ఉండాలి. మార్పులకు ఓనరు పెట్టిన నాలుగు లక్షలను ఈ లెక్కలో ఎక్కడా కలపలేదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నది ఇలాంటి పార్టుల విషయంలో అక్షరాలా నిజం.

తెలియనిదాని కోసం పెట్టిన ఆ రెండు లక్షలే విజేత శాపానికి మందు. చెరువు పాటలో అనుభవమున్నవాడు తన అంచనాలోంచి పావు వంతు తీసేసి పాడతాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు గానీ ఆ పావు వంతే వాణ్ణి ఏటా నిలబెడుతుంది.

మావాడు పది లక్షలు అని కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకున్నాడు. అసలు డౌన్‌పైప్ ఉందా అన్న ప్రశ్నకు ఓనరు నుంచి జవాబు రాలేదు. రెండో గేర్‌బాక్సు బిల్లూ రాలేదు. పాట తొమ్మిదికి మూయాల్సింది తొమ్మిదీ ఇరవై దాకా సాగి పన్నెండు లక్షల నలభై వేల దగ్గర ఆగింది. వాడు పదికే ఆగాడు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదని మా చెల్లెలు చెప్పింది.

ఇప్పుడు విశాఖలో ఇంకో వీఆర్‌ఎస్ చూశాడు. లక్షా నలభై ఎనిమిది వేలు తిరిగింది, మార్పులేమీ లేవు, డీఎస్‌జీ బిల్లులు రెండూ ఉన్నాయి. పాట కాదు, ఓనరే నేరుగా అమ్ముతున్నాడు. ఆదివారం తెల్లవారకముందే జయపురం నుంచి బయల్దేరుతున్నాం. మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ఓనరుకు వాడే ముందుగా ఫోన్ చేసి చెప్పాడు.